నేను లేనట

నేను లేనట.
తర్వాత ఎవరో గీసి అతికించారట.

మిల్వాకీలో, లైబ్రరీ నేలమాళిగలో,
నెలకో గురువారం మడతకుర్చీలు వేసుకుని
పదిమందీ కలిసి నన్ను తెరమీద ఆపేస్తారు.
రెండువందల పదకొండో ఫ్రేము.
పసుప్పచ్చ కోటు, పైకెత్తిన కుడిచెయ్యి,
మొహం ఉండాల్సిన చోట వెలుతురు మరక.

"నీడలు చూడండి," అంటాడు డెల్బర్ట్ అనే కుర్రాడు
(అరవై దాటాయిలే, నాకు కుర్రాడే).
"అందరి నీడలూ సరస్సు వైపు పడితే
ఈవిడ నీడ ఒక్కటీ బేకరీ వైపు.
అంత చలిలో చేతికి తొడుగైనా లేదు.
ఈవిడ ఫలానా అని ఊళ్ళో ఒక్కరూ చెప్పలేదు."
కర్ర కొసతో నా భుజం మీద పొడుస్తాడు.
వెనక వరసలో నేను భుజం సర్దుకుంటాను.

ఎదురుగా చెప్పుల కొట్టు అద్దం
ఎండని తిప్పికొట్టింది నాయనా.
తొడుగు జేబులో ఉంది.
గసగసాల రొట్టె వేడివేడిగా తింటున్నాను,
వేళ్ళకి పంచదార.
ఇరవై మూడేళ్ళు నాకు. జెనోవెఫా వ్రూబెల్.
చేతితొడుగులు కుట్టే మిల్లులోనే పని,
అదీ అడిగితే చెప్పేదాన్ని.

పంతొమ్మిది సెకన్ల రీలు.
తీసింది బార్బర్ ఓర్విల్ టెస్కీ,
కూతురి పుట్టినరోజుకి కొన్న కెమెరాతో.
మధ్యలో రెండు ఫ్రేములు లేవు.
అసలు కిటుకంతా అక్కడేనట.
వాషింగ్టన్‌లో ఒక గదిలో తెల్లవార్లూ లైటు వెలిగిందట.
ఆ లైటు చూసినవాడు ఆర్నెల్లకి కారు కింద పడ్డాడట.
అతని డైరీ దొరికిందట,
ఆ పేజీ మాత్రం లేదట.

నేనున్నాను ఆ గదిలో.
వాషింగ్టన్ కాదు, టెస్కీ వంటింటి వెనక గది.
గోడకి దుప్పటి కట్టి, ఇరుగూ పొరుగూ పదకొండుమంది,
అదే రాత్రి అది ఏడోసారి వెయ్యడం.
రీలు ఇరుక్కుంది.
బల్బు వేడికి బొమ్మ మధ్యలో
కాగిన పాలమీద మీగడలా బుడగ లేచి,
గోధుమరంగై, చిల్లు పడింది.
"చాలు ఓర్విల్, ఇంక ఆపు," అని అతని భార్య ఏడ్చింది.
కాల్చిన ముక్క కత్తిరించి
అతను టేపు అంటించాడు, అంతే.

చీకట్లో ఎవరో అన్నారు:
"ఎవరే ఆ పసుపు కోటు?"
"ఏమో," అన్నాను.
మా అక్క నల్లకోటు వేసుకుని ఉన్నాను అప్పుడు.

చెప్పొచ్చు. మొదటి గురువారమే నోటిదాకా వచ్చింది.

కాని నా కాసిమిర్‌కి, పోయేదాకా,
ఒకటే చెబుతూ వచ్చాను:
చప్పుడు విన్నాకే చెయ్యి ఎత్తాను, భయానికి, అడ్డంగా.
రీలు అలా చెప్పదు.
రెండువందల పదకొండులో చెయ్యి పైకి లేచింది.
సెనేటర్ తల ఇటు తిరగడం పద్దెనిమిదిలో.
నవ్వుతూ, నేను పిలిచినందుకు,
కారు ఆ పక్కనుంచి ఈ పక్కకి ఒరిగి
చెయ్యి చాచడం ఇరవై ఆరులో.
ఆ తర్వాతది అందరూ చూసిందే.

ఒరగకపోతే
అది ఉత్త సీటుకే తగిలేది.

అదిగో, నన్ను గీశారంటే
ఆయన తిరగలేదన్నమాట.
ఎవరూ పిలవలేదు. రొట్టె లేదు, పంచదార లేదు.
ఎవరో జీతగాడు కుంచెతో పసుపు రంగు పులిమాడు,
ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నాడు.
ఎంత బాగుంది ఆ కథ.
అందుకే చలి అయినా, మోకాళ్ళు రాకపోయినా,
రెండు బస్సులు మారి వినడానికి వస్తాను.

ఇవాళ డెల్బర్ట్ కాఫీ తెచ్చి నా పక్కన కూర్చున్నాడు.
"మీకేమనిపిస్తుంది పెద్దమ్మా? నిజం మనిషేనంటారా?"
తెరమీద దాన్ని చాలాసేపు చూశాను.
నీడ నిజంగానే తప్పుగా ఉంది.
"నాకూ అనుమానమే," అన్నాను.
అర్జీ కాగితం ఇచ్చాడు. సంతకం పెట్టాను,
ప్రతి అక్షరం తెలిసేలా.

బయట సరస్సు మీదనుంచి కోత గాలి.
రెండు తొడుగులూ వేసుకుని స్టాపులో నిలబడ్డాను.
బస్సు కనిపించింది.
చెయ్యి ఎత్తితే ఆగుతుంది.

వెళ్ళిపోయింది.