పురిటికొచ్చిన పిట్టలు

ఆదివారం. జీడి కార్ఖానాకి సెలవు.
ఆటో వెనక రేకు మీద
"కాశీబుగ్గ – పలాస స్టేషన్" అని రంగుతో రాసినదాన్ని
జోషిత సుద్దముక్కతో కొట్టేసి
"తేలినీలాపురం మాత్రమే" అని రాసింది.
పదకొండు మందిని కుక్కే బండిలో
ఇవాళ ఐదుగురమే.
గతుకు గతుక్కీ అమ్మ ఎగిరిపడుతోంది.
"జనముంటే బిగిసుంటాదిరా,
ఇంత కాళీ పనికిరాదు" అంటోంది.

గుణకి పులి కావాలి.
పులి ఏం తింటాదో, పులికి జలుబు చేస్తాదో లేదో
రాత్రి నుంచీ అడుగుతున్నాడు.
టెక్కలి దాటాక చెబుదాంలే అనుకున్నాను.
టెక్కలి దాటాక
టీ తాగాక చెబుదాంలే అనుకున్నాను.

చింతచెట్టు కింద బండి ఆపీ ఆపగానే
టాపు మీద తెల్లగా సున్నం జారింది.
కొమ్మకో సంసారం పైన.
పుల్లలకోసం తగువులు, ముక్కులు తాటించుకునే చప్పుళ్లు,
చేపల కౌచు.
పులి లేదని తెలిసి గుణ నేల మీద చతికిలబడ్డాడు.
కొంగల్ని చూడ్డానికి ఇంత దూరమెందుకని వాడి ఏడుపు.
డీజిలు పోయించినవాణ్ణి, నాకూ లోపల అదే మాట.

కాపలా తవిటయ్య వాణ్ణి చంకనెత్తుకున్నాడు.
"అదిగో, ఆ మూతి కింద సంచి సూసినావా?
పిల్ల తలకాయ మొత్తం తల్లి గొంతులోకి దూర్చీసి
తిండి తీసుకుంటాది."
గుణ ఏడుపాపాడు.
"మింగీదా?"
"మింగదు. తల్లి కదేటి."
"పులైతే మింగీసును," అన్నాడు గుణ, కొంచెం గర్వంగా.

దుర్భిణీ అమ్మ చేతికిస్తే
అటుది ఇటు పెట్టుకుంది.
"ఓలమ్మ, మీరందరూ
ఎంత దూరం ఎల్లిపోనారర్రా!"

నీడలో చుడువులూ బెల్లమూ విప్పాం.
తంపట గేగులు దమయంతి ఒళ్లో ఉన్నాయి.
తవిటయ్య బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని అన్నాడు:
"మా ఊరి ఆడపిల్లలు బాబూ ఇవి.
ఏటేటా పురిటికొస్తాయి.
రెక్కలొచ్చిన పిల్లల్ని ఎంటబెట్టుకుని ఎల్లిపోతాయి.
పుట్టింట్లో ఎవులైనా రాయి ఇసురుతారేటి?"

గేగు ఒలుస్తున్న దమయంతి చేతులు ఆగాయి.

జోషిత పుట్టినప్పుడు
సర్కారు ఆస్పత్రిలో కిటికీ పక్క మంచం.
"పురిటికి ఎవరొచ్చారమ్మా?" అని నర్సు అడిగితే
నన్ను చూపించింది.
వాళ్లమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు.
మా అమ్మకి మా పెళ్లి మీద కోపం ఇంకా తీరలేదు.
కాయం నేనే దంచాను, శొంఠి ఎక్కువైంది.
మంచి సాకు దొరికినట్టు
ఆ ఘాటుకి ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం.

అమ్మ చెట్టుకేసి చూస్తోంది.
చాలాసేపు చెట్టుకేసే చూసింది.
తర్వాత దమయంతి ఒళ్లోంచి గేగుల కట్ట లాక్కుని
"జీడిసొనకి నీ గోళ్లు నల్లబడిపోనాయి,
నాను ఒలుత్తాను, నువ్వు తిను" అంది.
ఒకటి ఒలిచి, నార తీసి, మధ్యకి చీల్చి
చందమామ తీసి పక్కన పెట్టి ఇచ్చింది.
ఇంకొకటి ఇచ్చింది.
నేను చెయ్యి చాపితే
చేతి మీద కొట్టింది.

తిరుగుదారిలో నౌపడా వైపు నుంచి ఉప్పుగాలి.
ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు.
గుణ నిద్రపోయాడు, చేతిలో ఓ ఈక.
ఈసారి గతుకుల్లో అమ్మ ఎగిరిపడలేదు.
దమయంతి భుజం పట్టుకుని కూర్చుంది.

సోమవారం స్టాండులో అరగంటైనా
ఒక్కరూ ఎక్కరు.
దిగి వెనక్కెళ్లి చూస్తే
సుద్దరాత అలాగే ఉంది.
తుడవబోయి
ఒక మూల తుడిచి వదిలేశాను.

ఇస్కూల్లో గుణ అందరికీ చెప్పాడట,
పులిని చూశానని.
దానికి మూతి కింద సంచి ఉంటుందట.
తలకాయ లోపల పెట్టినా
మింగదట.