మూడు సెకన్ల పడవ

స్వాన్సీలో ఒకప్పుడు ఇనుము కరిగిన షెడ్డు అది,
ఇప్పుడందులో రాజ్యాలు కరుగుతున్నాయి.
బల్ల మీద పదకొండు సంపుటాలు,
ఒక్కోటీ తలగడగా పెట్టుకోదగ్గ మందం.
గోడ నిండా పసుపుపచ్చ చీటీలు.
వాన మొదలైతే రేకుల కప్పు మాట వినబడనివ్వదు,
అరిచి అరిచి మనుషుల్ని చంపుతాం:
"ఉప్పు రాణికి ఇద్దరు చెల్లెళ్ళెందుకు? ఒకతె చాలు!"

నా ఉద్యోగం లెక్కలు రాయడం.
ఎవరు ఎన్నో పేజీలో పుట్టారు,
ఏ చేతికి ఎన్ని వేళ్ళు మిగిలాయి,
నాలుగో సంపుటంలో కుంటిదైన గుర్రం
ఆరులో దౌడెలా తీస్తోంది.
తొమ్మిది వేల పేజీల చాటభారతాన్ని
కట్టె కొట్టె తెచ్చె అనిపించాలి,
మధ్యలో ప్రకటనలకి చోటుంచి మరీ.

టామ్సిన్ చెడ్డది కాదు. ఇది ముందే చెప్పాలి.
ఆవిడ పుస్తకాలకి అట్టలు ఊడిపోయాయి,
పన్నెండేళ్ళప్పుడు దుప్పటి కింద టార్చిలైటుతో చదివిందట.
అయినా కత్తెర ఆవిడ చేతిలోనే ఉంది.
ప్రేమించినవాళ్ళకే తెలుస్తుందేమో
ఎక్కడ కోస్తే రక్తం తక్కువ కారుతుందో.

మంగళవారం మధ్యాహ్నం, చల్లారిన చిప్స్ ముందు,
పడవ నడిపే గుడ్డి ముసలామె వంతు వచ్చింది.
ఏడో సంపుటంలో నూట నలభై పేజీలు ఆమెవి.
యుద్ధానికి పోయేవాళ్ళని నది దాటిస్తుంది,
కూలి కింద డబ్బు పుచ్చుకోదు,
ఒక్కొక్కరినీ వాళ్ళమ్మ పేరు అడుగుతుంది.
తిరిగిరాని వాళ్ళ తల్లుల పేర్లు
రాత్రిళ్ళు నీళ్ళకి అప్పజెప్తుంది.
అంతే. కత్తి దూయదు, శాపం పెట్టదు,
ఏ రాజుకీ రహస్యంగా తల్లి కాదు.

"ఇక్కడ కథ నడవట్లేదు," అన్నాడు గెరైంట్.
నిజమే. నడిచేది నది కదా.
ఆమె మాట ఒకటి తీసి
గుర్రాల వ్యాపారి నోట్లో పెట్టారు,
అతని పళ్ళకి అది అతకలేదు.
నది దాటడానికి వంతెన రాశారు.
వంతెన ఎవరి పేరూ అడగదు.
నా పట్టికలో ఆమె వరస మీద గీత గీశాను.
గీత తిన్నగానే వచ్చింది. సిగ్గేసింది.

ఒక సంగతి ఆ గదిలో ఎవరికీ చెప్పలేదు:
మొదటిసారి చదివినప్పుడు, యుద్ధం కోసం తొందరపడి
ఆమె పేజీల్లో ఇరవై నేనూ దాటేశాను.

వడ్రంగి హెవిన్‌కి మాత్రం కబురు చేరలేదు.
పడవ అప్పటికే పూర్తి చేసేశాడు,
పుస్తకంలో రాసినట్టే, ఎడమ అంచు అరిగి.
గుడ్డి మనిషి తడుముకునే చోటు కదా అని
గరుకు కాగితంతో మూడు రోజులు రుద్దాడట.
"ఇప్పుడు దీన్నేం చెయ్యను? పొయ్యిలో పెట్టనా?"
ఎవరూ తలెత్తలేదు.

రచయిత ఈడ్వల్ ఆ వారమే చూడ్డానికొచ్చాడు.
ఎనభై దాటినవాడు, గొర్రెల వాసన కొట్టే కోటు.
ముప్ఫై ఏళ్ళు ఆ రాజ్యాల్ని ఒక్కడే మోసి
ఇప్పుడు కోట గోడ తట్టి చూశాడు: థర్మోకోల్.
నవ్వాడు. "నాదీ కాగితమే కదా," అన్నాడు.
వంతెన చూశాడు. ఏమీ అనలేదు.
పడవ దగ్గర వంగి
అరిగిన అంచు మీద బొటనవేలు నడిపించి
హెవిన్‌ని అడిగాడు: "మీ అమ్మ పేరేమిటి?"

"అంగారడ్," అన్నాడు హెవిన్, చెవులెర్రబడి.

ఆ భాగం నవంబరులో వచ్చింది.
సైన్యం వంతెన మీదుగా పోతోంది, డప్పులు, జెండాలు,
కంప్యూటరు కన్న నాలుగు వేల మంది.
కింద, రెల్లు పక్కన, కట్టేసిన ఖాళీ పడవ.
మూడు సెకన్లు.
ఎవరు పెట్టించారో నన్నడక్కండి,
నా లెక్కల్లో "సామాను: పడవ, ఒకటి" అని మాత్రమే ఉంది.

పక్కింటి మాక్సెన్, పుస్తకం ముట్టని కుర్రాడు,
బొమ్మ ఆపి అడిగాడు: "ఆ పడవ ఎవరిది?"

ఆగు, అన్నాను. ఏడో సంపుటం ఎక్కడో ఉంది.
ముందు నన్ను ఆ ఇరవై పేజీలు చదవనీ.