చేవ

సల్వా, ఆరో వీధి విల్లా.
"క్లోరిన్ ఎక్కువేసినావు,
పిల్లల కళ్ళు మండుతాండాయి" అన్నట్టుంది మేడమ్.

ఎక్కువ కాదమ్మా, తక్కువ.
చెమటకీ సన్‌క్రీముకీ చిక్కుకుని
చేవ చచ్చిన క్లోరినే ఇట్లా కంపు కొడుతుంది.
నాకొచ్చిన అరబీలో చేవకు మాట లేదు.
డబ్బా చూపించి
"రాత్రికి. ఇంకా. చాలా" అన్నా.
ఆమె కనుబొమ్మలు పైకి లేచినాయి.

పొద్దు వాలినాక పోసి
పంపు పక్కనే కూర్చున్నా.
ఎండ ఎప్పుడో పోయింది,
గచ్చు ఇంకా కాలుతానే ఉంది.

తెల్లారి, లోతు వైపు అడుగున
ఎవరిదో హెయిర్‌పిన్ను
స్పష్టంగా.
వాసన లేదు.

కిట్టులో నాలుగు చుక్కలు మిగిలితే
హసావీలో మా రూం ట్యాంకు నీళ్ళకూ వేసి చూసినా.
సీసా ఎంత ఊపినా
రంగు రాలే.