పద్దెనిమిది యూనిట్లు

తిరుపతి కొర్లగుంటలో పాతమిద్దె, పైవాటా.
పోయిన నెల పద్దెనిమిది యూనిట్లు. ఈ నెలా అంతే.
మీటరు ఆగిందేమోనని వేలితో కొట్టి చూశాను.

"అది బాగానే ఉండాది సారూ" అంది కుప్పమ్మ.

పొద్దున కుట్టుమిషను తూర్పు కిటికీ కింద,
మధ్యాన్నం నడవలో, సాయంత్రం వరండాలో.
వెలుతురు ఎటు జరిగితే అటు ఈడ్చుకుంటుంది.
ఎండ ముదరకముందే పడమటి రెక్కలు మూసేస్తుంది.
సున్నపుగోడ రాత్రంతా కూడబెట్టిన చలవ
పగలు కొంచెం కొంచెంగా ఖర్చు.

"ఫ్యానుంది గదా, వేసుకోవా?"
"ఎవురన్నా వస్తే ఏస్తా."

నేను కూర్చోగానే స్విచ్చు నొక్కింది.
నిద్ర చెడిన ముసలాడిలా
గొణుక్కుంటూ తిరిగింది ఫ్యాను.

చెంబెడు నీళ్లు గడగడా తాగేసి లేచాను,
నా గాలి
ఆమె బిల్లులో పడకుండా.