ఆ చెవి తిరగనీ

సెమోంకాంగ్ దారికి తారు పడిన ఏడాదే
నాకు పదహారు సీట్ల వ్యానూ పొగరూ
ఒకేసారి వచ్చాయి.
అంతకు ముందు ఈ కొండల్లో
గుర్రం ముందు చేరేది, మోటారు తర్వాత.
రాళ్ళు ఇద్దరి ఎముకలూ సమానంగా లెక్కపెట్టేవి.
తారు పడ్డాక రోడ్డు
మా పార్టీలో చేరిపోయింది.

మలుపు తిరిగితే చాలు, ఎదురుగా
దుప్పటి కప్పుకున్న వీపు, గడ్డి టోపీ,
జీను వెనక మొక్కజొన్న పిండి బస్తా.
హారను కొట్టేవాణ్ణి.
కోపమేం లేదు.
దగ్గు వచ్చినట్టు వచ్చేది చేతికి.

ఓ పొద్దున గోధుమరంగు గుర్రమొకటి
ఆ మోతకి పక్కకి దూకింది,
లోయ వైపు కాదు, కొండ వైపు.
అంతే తేడా.
పైనున్న ముసలాయన తిట్టలేదు.
కిటికీ దాకా వచ్చి, కళ్ళెం బిగబట్టి
"పేరేంటి?" అన్నాడు.
"ఖ్వారై."
"ఎవరి కొడుకువని అడగన్లే,
వాళ్ళకి సిగ్గేస్తుంది."
వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు.
నేను గేరు మార్చాను.

జూలైలో, మంచు కురుస్తున్న రోజున
నడికొండలో ఫ్యాన్ బెల్టు తెగింది.
ఫోన్లో గీత ఒక్కటీ లేదు.
పద్నాలుగు మంది, ఒక చంటిది,
గంపలో అలిగిన కోడి.
ఆ దారిన వచ్చింది ఒక్కడే:
న్తాతే లెతూకా, అదే గోధుమ గుర్రం మీద.

దిగి, కళ్ళెం నా చేతిలో పెట్టాడు.
"దీని పేరు లెయిఫో, అంటే పొయ్యి.
నువ్వు కూర్చో చాలు.
దారి దానికి తెలుసు."

అంతెత్తు నుంచి మొదట కనబడింది
రెండు చెవులు.
ఒకటి దారికి, ఒకటి నాకు.
రమబంతా ఇంకా మైలుండగా
రెండూ వెనక్కి తిరిగాయి.
నాకేమీ వినబడలేదు.
నా తొడల కింద ఆ ఒళ్ళంతా
పిడికిలి మూసినట్టు మూసుకుంది.
అప్పుడు విన్నాను లారీని.

తోలుతున్నది ఫెల్లో, నా స్నేహితుడు.
గుర్రం మీద నన్ను చూసి
ముచ్చటపడి
రెండుసార్లు హారను కొట్టాడు.

నేల లేదు కాసేపు.
లారీ అద్దం మోకాలికి బెత్తెడు దూరంలో పోయింది.
కంకర నా చెంప మీద రాలింది.
జూలు పట్టుకు వేలాడుతూ నేను,
దూరంగా చెయ్యి ఊపుతూ వాడు.
తర్వాత చాలాసేపు వణికాం.
వణుకు ఎవరిదో తేలలేదు.
మధ్యలో ఉన్నది ఒక్క జీనే.

బెల్టు కొనుక్కుని తిరిగొచ్చేసరికి
న్తాతే లెతూకా నా సీట్లో కూర్చుని ఉన్నాడు,
చంటిదాన్ని దుప్పట్లో చుట్టుకుని.
ఒక అరచెయ్యి హారను మీద, నొక్కకుండా.
"ఇంత మెత్తగా ఉంటుందా ఇది!" అన్నాడు.

ఆయనకి లారీ సంగతి చెప్పలేదు.
గుర్రం చెప్పే ఉంటుంది.
చెమట ఆరని దాని మెడ నిమిరి
నా మొహం వంక చూశాడు,
వ్యాను బాగయ్యే దాకా
కొండ వైపు నిలబడ్డాడు.

ఇప్పుడు నేను మంచివాణ్ణయ్యానని కాదు.
జీతాల రోజు రద్దీలో ఒకసారి మరిచిపోయాను,
చెయ్యి దానంతటదే దగ్గింది.
ఆ రాత్రి అన్నం సహించలేదు.

మామూలు రోజుల్లో మాత్రం
వీపు కనబడగానే కాలు తీసేస్తాను.
రేడియో ఆపుతాను.
వెనక నుంచి మసెఖోబె అత్త మొదలెడుతుంది:
"పెళ్ళి ఊరేగింపా ఇది? మందుల షాపు మూసేస్తారు!"
ఉండు అత్తా.
ముందు ఆ చెవి
మనవైపు తిరగనీ.
మనమున్నామని దానికి తెలియనీ.
తర్వాత
రోడ్డంతా ఆ వైపుకి జరిగి,
ఇంకో గుర్రం పట్టేంత ఖాళీ వదిలి,
నిద్రపోతున్న ఇంట్లోంచి
చెప్పులు చేత్తో పట్టుకుని పోయినట్టు
పోదాం.