పొట్టకింద నలుపు

నౌపడ స్టేషను బయట
సిమెంటు దిమ్మ మీద నిలబెట్టిన చిన్నింజనుకి
రంగులెయ్యమని నన్ను పిలిచారు.
మూడు రోజుల కూలి, నాలుగు లీటర్ల ఎనామిలు,
చేతికో కాగితం:
ఒళ్లు పచ్చ, అంచులు ఎరుపు, చక్రాల ఆకులు పసుపు.

నేను బోర్డులు రాసే మనిషిని.
ఎరువుల కొట్టు, కంటి ఆసుపత్రి, చలివేంద్రం.
ఇంజనుకి వీపెక్కడో మెడెక్కడో నాకేం తెలుసు?
ఉప్పుగాలి తిన్న రేకుని గరుకు కాగితంతో రుద్దుతుంటే
పొలుసులు పొలుసులుగా రాలింది,
చేపని తోమినట్టే.

రెండో పూట వచ్చాడు సనపల దాలయ్య.
చేతిలో గొడుగు, ఎండకి కాదు, ఊతకి.
"పచ్చేటి బావూ?" అన్నాడు.
"పచ్చగ ఎప్పుడుండీది ఇది?
నల్లగుండీది. కాకి సిగ్గుపడిపోయీ నలుపు.
పదకొండేళ్లు దీని నోట్లో బొగ్గేసినోణ్ణి,
నాకు తెల్దేటి?"

కాగితం చూపించాను.
తిరగేసి, వెనక ఏమీ లేదని
మళ్లీ నాకే ఇచ్చాడు.

ఇక నా నిచ్చెన నీడలోనే కూర్చున్నాడు.
"పట్టాల మజ్జిన రెండున్నరడుగులు.
నులకమంచం అడ్డంగా ఏసీగల్వు."
టెక్కలి దాటాక ఎత్తు మీద ఊపిరందక ఆగిపోతే
జనం దిగి, జీడిమామిడి పళ్లు కోసుకుని
చీకుతూ మళ్లీ ఎక్కేవారట.
పాతపట్నం సంతకి మేకల్ని తోలుకెళ్లే గున్నమ్మని
వాటికి టిక్కెట్టేదని అడిగితే
"అవి నడిసెళ్లిపోగల్వు.
నీ బండికి తోడొచ్చినాయి" అనేదట.

నిజమో కాదో నాకెందుకు,
కుంచె మాత్రం నెమ్మదించింది.

పెద్ద లైను పడ్డాక పాత పట్టాలు తూకానికెళ్లాయి.
దాలయ్య పెరట్లో గేదె నిలబడే చోట
ఒక స్లీపరు దుంగ మిగిలింది.
వానొస్తే ఇప్పటికీ ఇంజనాయిలు కంపు.
గేదెకి అలవాటైపోయిందట.

మూడో రోజు వెల్డింగు కుర్రాడొచ్చాడు.
పొయ్యి తలుపు అతికెయ్యాలి, మళ్లీ తెరుచుకోకుండా.
పిల్లలు చెత్త పడేస్తున్నారని పైవాళ్ల మాట.
"ఒక్కపాలి" అన్నాడు దాలయ్య.
చెయ్యి పెట్టాడు మోచేతి దాకా,
ఆనక భుజం దాకా,
దూడని బయటికి లాగేవాడిలా మొహం పక్కకి తిప్పి.

చిప్స్ కవర్లు. ఒంటి చెప్పు. గోరింక వదిలేసిన గూడు.
అన్నిటికన్నా అడుగున ఒక చిట్టెం,
కాలీ కాలీ రాయైపోయిన బొగ్గు.
అరచేతిలో తూచాడు.
ఇంటికి పట్టుకెళ్తాడనుకున్నాను.
ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకోకుండానే వాసన చూసి
మళ్లీ లోపలికే తోసేశాడు.
"కాళీ కడుపుతో మూసీకూడదురా" అన్నాడు కుర్రాడితో.

మెరుపులు రాలుతున్నంతసేపూ
మేమిద్దరం అటు తిరిగి నిలబడ్డాం.

కాగితం చెప్పినట్టే వేశాను.
పచ్చ, ఎరుపు, పసుపు.
పెళ్లి వ్యానులా ఉంది, నిజం చెప్పొద్దూ.
నంబరు దగ్గర మాత్రం కాగితంలో గీత ఒకటే ఉంది.
ఏం రాయమంటావని అడిగితే
దాలయ్య గాలిలో వేలితో రాశాడు.
ఏడుకి అడ్డగీత పెట్టమన్నాడు, ఆ రోజుల్లోలా.

సాయంత్రం, బోర్డులకని దాచుకున్న నా సొంత నలుపుతో
వెల్లకిలా ఇంజను పొట్టకిందకి దూరాను,
ఏ ఆఫీసరూ వంగి చూడని చోటికి.
సగం పూశానో లేదో
విశాఖ వైపు ఎక్స్‌ప్రెస్ ఒకటి ఆగకుండా పోయింది.
దిమ్మ అదిరింది. దుమ్ము లేచి
తడి రంగు మీద వాలింది.
గుడ్డ కోసం తడుముకున్నాను.
"ఉండనీ బావూ,"
నాకు కనిపిస్తున్నవి అతని కాళ్లూ, గొడుగు కొనా,
"బండన్నాక దుమ్ముంటాది."

మర్నాడు పలాసలో కంటి ఆసుపత్రి బోర్డు.
గోళ్లలో నలుపుతోనే వెళ్లాను.