చిలకకి గింజలు

కంగారూ ఫ్లాట్‌లో మా ఇంటి వెనక గడ్డి
జనవరికల్లా కొబ్బరిపీచులా ఎండిపోతుంది.
ఫోన్‌లో నిప్పు హెచ్చరిక కుయ్‌మన్నప్పుడల్లా
తలుపు పక్కనున్న సంచీ తెరిచి చూస్తుంది సువర్చల:
పాస్‌పోర్టులు, టార్చి, పిల్లాడి ఇన్‌హేలర్,
సబ్బుబిళ్లంత హార్డ్ డిస్క్.

"ఒక్కటేనా?" అన్నాడు కోలిన్ ట్రెవాస్కిస్
మా మందుల షాపు కౌంటర్ మీద మోచేతులాన్చి.
నెలనెలా బీపీ మాత్రలకొచ్చే మనిషి.
రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్లు బోల్టులు బిగించాడు,
దేన్నీ ఒకసారి బిగించి వదలడు.
"సంచీ అందుకునే వ్యవధి లేకపోతే?
నీదొకటి ఈగిల్‌హాక్‌లో మా ఇంట్లో పెట్టు,
నాది మీ ఇంట్లో.
బెండిగోకి ఈ కొసా ఆ కొసా
ఒకేరోజు కాలవులే."

రాక్షసుడొకడు తన ప్రాణం తీసుకెళ్లి
ఎక్కడో చెట్టుతొర్రలో
చిలకలో దాచుకున్న కథ చెప్పానతనికి.
వరసలో వెనకున్నావిడ రెండుసార్లు దగ్గింది.
అంతా విని ఒక్కటే అడిగాడు:
"మరి చిలకకి గింజలెవరేస్తారు?"

నిజమే.
వాడకుండా పడేస్తే డిస్కు బిగుసుకుపోతుంది.
నెలకోసారైనా కరెంటు చూపించాలి,
చెవి దగ్గర పెట్టుకుంటే
పిండిమర చాలా దూరంగా ఆడుతున్నట్టు వినిపించాలి.

అలా మూడేళ్లు.
మూణ్ణెల్లకోసారి నాది తెచ్చిచ్చేవాడు,
శనివారం రాత్రి కొత్తవి ఎక్కించి
ఆకుపచ్చ టిక్కు పడ్డాక హాయిగా పడుకుని
సోమవారం మాత్రలతో పాటు తిరిగిచ్చేసేవాణ్ణి.
నా దానిమీద తెలుగులో 'రెండో ప్రతి' అని రాశాను.
ఆ అక్షరాలు జిలేబీలలా ఉన్నాయనేవాడు.
అతనిది తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి.
నేనడగలేదు, అతను చెప్పలేదు.

సెప్టెంబరు మాత్రలు
టి అక్షరం అరలో అలాగే ఉండిపోయాయి.
అక్టోబరువి వాటి పక్కన చేరాయి.

నవంబరులో వాళ్లమ్మాయి జెనీన్ వచ్చింది,
మిగిలిపోయిన మందులు వాపసివ్వడానికి.
సంచీ అడుగున బిస్కెట్ల డబ్బా.
"ఇది మీదనుకుంటా. జిలేబీలున్నాయి."

డబ్బాలో నా డిస్కు, పాత తువ్వాలులో చుట్టి.
మూతకి లోపల అంటించిన కాగితం మీద
పెన్సిలుతో, ప్రతి నెలా మొదటి ఆదివారం తేదీ,
పక్కన అదే మాట:
చిలకకి గింజలు వేశాను.
చివరి రెండు తేదీల్లో అంకెలు వణికాయి.

ఆ రాత్రి మొదటిసారి
దాన్లో ఏముందో తెరిచి చూశాను.

పిజ్జా కూపన్లు.
వాషింగ్ మెషీన్ పుస్తకం, మూడు ప్రతులు.
నాలుగుసార్లు దించుకున్న ఒకే కరెంటు బిల్లు.
ఎవరిదో రెజ్యూమె.
ఫొటోల ఫోల్డర్ బదులు
డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కి గురిపెట్టాను, మొదటిరోజే.
పిల్లాడు దోసెని 'దోచె' అన్న వీడియో లేదు,
సువర్చల వాయించిన వీణ లేదు,
పెళ్లినాటి ఒక్క ముఖమూ లేదు.
మూడేళ్లు ఆ మనిషి మేపింది ఉత్త పంజరాన్ని.

సువర్చల నవ్వింది, నవ్వీ నవ్వీ
ఆ తువ్వాలుతోనే కళ్లు తుడుచుకుంది.

కోలిన్ డిస్కు తిరిగిస్తానంటే
జెనీన్ తల అడ్డంగా ఊపింది.
"నాన్న పాస్‌వర్డ్ మాకూ తెలీదు.
మీ దగ్గరే ఉండనివ్వండి."

ఇవాళ మొదటి ఆదివారం.
బయట నలభై ఒక్క డిగ్రీలు.
ఫోల్డర్ రెండుసార్లు సరిచూసుకుని నాది ఎక్కించాను,
దోచె వీడియో అక్కణ్ణుంచే తెరిచి చూశాను.
తర్వాత అతనిది పెట్టాను.
పాస్‌వర్డ్ అడిగింది. పక్కకి జరిపేశాను.
ఐదు నిమిషాలు తిరగనిచ్చాను.
కాగితం మీద అతని వణికిన అంకెల కింద
తేదీ వేసి, జిలేబీలలో రాశాను.